కొమరయ్యా, పగిలిన ఫాగ్ లైటూ

లారీ మీద క్లీనరుగా మొదలై, స్కూలు వ్యాను నడిపి, పన్నెండేళ్లుగా చైతన్యపురిలో చక్రపాణి గారింట డ్రైవరుగా ఉంటున్నాడు కొమరయ్య. అరవై నిండాయి. గొప్పలు చెప్పుకునే మనిషి కాదు గానీ, తన చేతిలో ఏ బండికీ గీత పడలేదన్న ఒక్క మాట మాత్రం ఎవరు కదిపినా చెప్పేవాడు.

ఆ సోమవారం పొద్దున బండి తుడుస్తుంటే ఎడమవైపు ఫాగ్ లైటు అద్దం పగిలి కనిపించింది. శనివారం నడిపింది తానే. దేనికీ తగిలినట్టు గుర్తు లేదు. ఆ గుర్తు లేకపోవడమే ఆయన్ను భయపెట్టింది. తగిలిన సంగతి కూడా తెలియనంతగా కళ్లు మందగించాయా? చూపు బాగానే ఉందని డాక్టరు చెప్పి నెల కాలేదు. అయినా అనుమానం వదల్లేదు. మర్నాడు తెల్లారకముందే సారునీ అమ్మగారినీ సూర్యాపేట పెళ్లికి తీసుకెళ్లాలి. హయత్‌నగర్ దాటితే మంచు.

"అమ్మా, ఫాగ్ లైట్ పలిగింది. ఎల్‌బీ నగర్ పోయి ఏపిచ్చుకొస్త" అన్నాడు.

"వెళ్లు, వెళ్లు" అంది చక్రపాణి గారి భార్య విజయదుర్గ. ఎలా పగిలిందని అడగలేదు, ముఖం చూడలేదు. కోపమొచ్చిందనుకున్నాడు. లైటు వేయించాక, రేపటికి వేరే డ్రైవరును చూసుకోమని తనే చెప్పేయాలని నిశ్చయించుకున్నాడు. దారిలో ప్రతి మెట్రో స్తంభానికీ మూరెడు దూరం ఎక్కువే జరిగి నడిపాడు.

మెకానిక్ జానయ్య చక్రం పక్కకు తిప్పి, లోపలి ప్లాస్టిక్ తడిక విప్పాడు.

"ఏడ గుద్దినవే అన్నా?"

"తెల్వది తమ్మీ. గదే పరేషాన్."

వైరు పీకి, స్క్రూలు తీసి, పాత లైటు బయటికి లాగాడు జానయ్య. దాని వెనక చెయ్యి పెట్టి ఏదో తడిమి, పకపకా నవ్వాడు.

"గిదేందన్నా? చట్నీ చేసుకుంటవా?"

కుంకుమ అంటిన కొబ్బరి చిప్ప ముక్క.

"గుద్దితే బంపర్ సొట్ట పోవాలె. లేకుంటె రంగు లేవాలె. ఏం లేదు, సూడు. ఎవరో నీ లైటు మీదనే కొబ్బరికాయ కొట్టిన్రు."

"ఎవలు కొడ్తరు? నిన్న నేను చర్చికి పోయిన."

"నువ్వు పోతివి. బండి పోయిందా?"

కొమరయ్య అక్కడే ఉన్న పాత టైరు మీద కూలబడ్డాడు. రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు. అప్పుడొచ్చింది నవ్వు.

కొత్త లైటుతో తిరిగొచ్చి, గేటు దగ్గర విజయదుర్గ ముందు అరచెయ్యి చాపాడు. ముక్కను చూసి ఆవిడ ముందు ఇంట్లోకి తొంగి చూసింది.

"ష్! సారు పడుకున్నారు. ప్రయాణం ఉందిగా, దిష్టి తీద్దామని నిన్న నేనే కొట్టాను. ఆయనకు మోకాళ్లు వంగవు. నేలకేసి కొట్టబోతే చెయ్యి జారింది. తగిలినట్టే అనిపించింది గానీ కళ్లజోడు లేదు, సరిగ్గా చూసుకోలేదు. పొద్దున నువ్వు చెప్పేసరికి నోరు పెగల్లేదయ్యా."

"నా కండ్లే పోయినయనుకున్నమ్మా. రేపటికి ఇంకో డ్రైవర్‌ను సూసుకొమ్మని చెప్దామనుకున్న."

"అయ్యో, నా మతి మండ! నువ్వు కాక ఇంకెవరన్నా నడిపితే నేను బండెక్కుతానా?"

కొమరయ్య ఆ ముక్కను జేబులో వేసుకున్నాడు.

"నాలుగింటికే వచ్చెయ్. బయల్దేరేముందు ఇంకో కాయ..."

"కొట్టున్రి గానీ అమ్మా, జర ఆగున్రి. నేను బండి రోడ్డు మీదికి తీసినంక."