చప్పుడు కాకుండా దిగడం

మొన్న నందిగామ మందుల షాపులో, నా మోకాలి నొప్పికి డాక్టరు రాసిన మోకాలి తొడుగు, అదే నీ-క్యాప్, కవరు చించగానే కొత్త రబ్బరు వాసన గుప్పుమంది. అరవైకి దగ్గరపడిన మనిషిని, ఉన్నట్టుండి పదో తరగతి కబడ్డీ పిల్లనైపోయాను.

ఎనభైల మొదట్లో జగ్గయ్యపేట ఆడపిల్లల బడిలో పద్మావతి టీచర్ మాకు ఆటలు నేర్పేవారు. కొంచెం కుంటుతూ నడిచేవారు గానీ, ఆవిడ ఈల వేస్తే మా గుండెలు ఝల్లుమనేవి. నందిగామలో పోటీలనగానే మా అన్నయ్య బెజవాడ నుంచి నాకో నీ క్యాప్ తెచ్చాడు. అది తొడిగాక నన్ను మించిన మొనగత్తె లేదనిపించింది. అడ్డొచ్చినవాళ్ళ మీదుగా ఎగిరి దబ్బుమని పడేదాన్ని. ఓ రోజు టీచర్ ఆట ఆపేశారు.

"అది తీసి ఇటియ్యి."

"ఇదుంటే మోకాలికేం కాదంటండి."

"చర్మం గీసుకుపోకుండా ఆపుద్ది. మెలిక పడకుండా ఆపదు. దాన్ని చూసుకుని ఒళ్ళు మర్చిపోతున్నావ్. అసలు నీకు దిగటం రాదే."

ఆ సాయంత్రం నుంచి బడి అరుగు మీంచి దూకడమే పని. ఆవిడ మాకు వీపు పెట్టి కూర్చుని వినేవారు. ముందు మునివేళ్ళు, తర్వాత మడమ, ఆపైన మోకాళ్ళు వంగాలి. వరుసగా పదిసార్లు చప్పుడు కాకపోతేనే నందిగామ బస్సెక్కనిస్తానన్నారు. ఓసారి తొమ్మిది దాకా వచ్చి దబ్బున పడి, ఉక్రోషం పట్టలేక ఏడ్చేశాను.

"ఏడుపు కూడా వినపడతానే ఉంది. ఎక్కు" అన్నారు.

బయల్దేరే ముందురోజు పదీ దూకాను. ఆ రాత్రి నిద్రపడితే ఒట్టు.

నందిగామలో చివరి కూత నాదే. ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. ఇద్దరిని తాకి తిరిగానో లేదో, ఒకమ్మాయి కాళ్ళకు అడ్డం పడింది. ఉత్త మోకాళ్ళతోనే ఆమె మీదుగా ఎగిరాను. మునివేళ్ళు, మడమ, మోకాళ్ళు! కూత తెగకుండా గీత దాటేశాను. జనం ఒకటే కేకలు. మా పిల్లలు నన్ను ఎత్తేసుకున్నారు.

టీచర్ కోసం చూస్తే, ఆవిడ కోర్టుకు వీపు పెట్టి నిలబడి ఉన్నారు. పరుగెత్తుకెళ్ళి, "వచ్చేశానండి" అన్నాను.

"మోకాలు?" అన్నారు, వెనక్కి తిరక్కుండానే.

"బాగానే ఉందండి."

"గీత దాటావా?"

"దాటానండి. గెలిచాం."

అప్పుడు తిరిగారు. కళ్ళనిండా నీళ్ళు. "నా కాలు అట్టాంటి ఎగురుడులోనే పోయింది. క్యాపు తొడుక్కునే ఉన్నా అప్పుడు" అన్నారు.

ఆ తర్వాత బతుకులో చాలాసార్లు కళ్ళు మూసుకుని ఎగరాల్సి వచ్చింది. ఎగిరాను. గెలుపు సంగతి అడగకముందే నా మోకాలి సంగతి అడిగిన మనిషి ఒకరున్నారన్న ధైర్యం, ఆవిడ పోయాక కూడా, నాకు తగ్గలేదు.