రొటేషన్ అంటే వంతు

ఈ యాసంగిలో ఒక పొద్దున మా బావ కాలువ తూము దగ్గరికి వెళ్లి, మూసి ఉన్న షట్టర్ చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని తిప్పాడు. హుజూరాబాద్ అవతల ఉపకాలువకు చిట్టచివర ఆయన పొలం. వరి పొట్టకొచ్చింది. ఆ దశలో తడి అందకపోతే గింజ తాలు పోతుంది.

కాలువ కాపలా చూసే లస్కరు పరుగున వచ్చాడు. వెనకే మోటార్‌సైకిల్ మీద ఇంజినీరు. పత్రికలో పనిచేసినవాణ్ని కదా, మాట్లాడతానని బావ నన్నూ తీసుకెళ్లాడు. నాకు మాట్లాడే అవకాశం రాలేదు.

"ఏందే పెద్దమనిషీ, సర్కారు గేటు నీ ఇష్టమొచ్చినట్టు తిప్పుతవా?" అన్నాడు లస్కరు.

"సారే జెప్పిండు గద తమ్మీ, గీసారి రొటేషనని. రొటేషనంటే తిప్పుడే గదా."

"తిప్పుడు గాదు, వంతు," అన్నాడు ఇంజినీరు. "పై ఊళ్లకు వారం, మీకు వారం. ఇప్పుడు మీ వంతే నడుస్తుంది."

"వంతు నడుస్తుంది సార్. నీళ్లే నడుస్తలేవు."

ఇంజినీరు ఉపకాలువలోకి చూశాడు. అడుగున ఒక మేక గడ్డి మేస్తోంది.

పత్రిక డెస్కులో ఉన్నన్నాళ్లూ నేను ఈ రొటేషన్ అనే మాట కనబడగానే కొట్టేసి 'వంతులవారీగా' అని రాసేవాణ్ని. భూమి సంగతైతే భ్రమణం. అంతటితో పని అయిపోయిందనుకునేవాళ్లం. మా ఆదివారం సెలవులు కూడా రొటేషనే. అవి ఎక్కువగా క్రీడల పేజీ వాళ్ల దగ్గరే తిరిగేవి. వ్యవసాయాధికారి నోట అదే మాట పంట మార్పిడి అవుతుంది. వరి మానేసి పెసర వేయమని ఆయన మా బావకు నచ్చజెప్పాడు, నాట్లు అయిన తర్వాత.

"నీళ్లకు రొటేషన్, పంటకు రొటేషన్," అన్నాడు బావ, ఇంటికి వస్తూ. "నేనొక్కన్నే నిలవడ్డ బామ్మర్దీ."

ఆయన తిప్పినందుకు కాసేపటికి పెద్ద కాలువలోంచి కొన్ని నీళ్లు కదిలాయి. మొదటి కల్వర్టు దాకా వచ్చి, అక్కడ పై ఊళ్లవాళ్లు పెట్టిన మోటార్లలోకి పోయాయి. సాయంత్రానికి షట్టర్ దించి, చక్రానికి గొలుసు చుట్టి తాళం వేశారు. తాళంచెవి సారు దగ్గరుందని లస్కరు, లస్కరు దగ్గరుందని సారు చెబుతున్నారు. ఆఫీసు లెక్కలో ఆ రోజుతో మా బావ వారం అయిపోయింది. మళ్లీ వంతు ఎప్పుడో ఎవరూ చెప్పలేదు. పొలం నెర్రెలిచ్చింది.