రామక్క చేతి ఉప్పు

మదనపల్లెలో మా జూనియర్ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబుకు ఇరవై రెండేళ్లుగా రామక్కే అటెండరు. చదివింది అయిదో తరగతి. అయినా ఏ సీసా ఎక్కడుందో కళ్లు మూసుకుని తీసిస్తుంది. ఒక సీసా చెంచా ఇంకో సీసాలో పెట్టారా, లెక్చరర్లయినా సరే దులిపేస్తుంది. కుప్పం నుంచి వచ్చి ఉద్యోగంలో చేరిన మొదటిరోజే నాకూ అక్షింతలు పడ్డాయి.

ప్రాక్టికల్ పరీక్షలకు ముందురోజు పిల్లలతో మంట పరీక్ష చేయిస్తున్నాను. తీగ కొసకు లవణం అంటించి బర్నర్ మంటలో పెడితే స్ట్రాన్షియం ఎర్రగా, బేరియం ఆకుపచ్చగా వెలగాలి. ఆరోజు ఏది పెట్టినా పసుపే. పసుపంటే సోడియం, మనం తినే ఉప్పులో ఉండేది. నాకసలే ముక్కుమీద కోపం.

"సీసాలన్నీ కలిపేశావు రామక్కా! వేరే మనిషిని చూసుకోమని ప్రిన్సిపాల్‌కు రాసిస్తాను," అన్నాను, పిల్లల ముందే.

ఆమె ముఖం మాడిపోయింది. "పని పోతే పోనీ మేడమ్. నా సీసాలు కలిసినాయంటే మాత్రం నేను మాట పడను."

ప్రాక్టికల్స్‌కు ముందురోజు ఉప్పేసి ఉడికించిన శెనక్కాయలు తెచ్చి అందరికీ పెట్టడం ఆమె అలవాటు. ఏటా పనంతా అయ్యాక పెట్టేది. ఈసారి పిల్లలు ఆకలని గోల చేస్తే మంట పరీక్షకు ముందే పెట్టేసింది. గుప్పెడు నేనూ తిన్నాను.

రామక్క పిల్లల వేళ్ల వంక కాసేపు చూసింది. సబ్బుతో చేతులు కడుక్కుంది. మంటలో పసుపు పోయేదాకా తీగను ఆసిడ్‌లో ముంచి కాల్చింది. తర్వాత స్ట్రాన్షియం అంటించి పెట్టింది. మంట ఎర్రగా లేచింది. తీగను మళ్లీ శుభ్రం చేసి, మేఘన అనే పిల్లను ఉత్త వేలితో తాకమని, మంటలో పెట్టింది. పసుపు!

"సేతుల్లో ఉండాది మేడమ్ ఉప్పు. తప్పు నాదే, శెనక్కాయలు ముందే పంచేస్తిని," అంది. తర్వాత నెమ్మదిగా అడిగింది: "కంటికే కనపడని ఉప్పు గదా, ఇంత ఎలుగు యాడ్నించి వస్తాది?"

ఇరవై రెండేళ్లు ఆ రంగులు చూసిన మనిషికి ఒక్కరూ చెప్పలేదు. సిగ్గేసింది. చెప్పాను. పరమాణువు మధ్యలో కేంద్రకం, దాని చుట్టూ ఎలక్ట్రాన్లు. వేడి తగిలితే ఎలక్ట్రాన్ పైమెట్టుకు ఎక్కుతుంది. అక్కడ నిలవలేక కిందికి దిగుతుంది. దిగేటప్పుడు, ఎక్కడానికి తీసుకున్న శక్తిని వెలుగుగా ఇచ్చేస్తుంది. ఒక్కో మూలకానికి మెట్ల ఎత్తు వేరు, అందుకే రంగూ వేరు. సోడియం ఎక్కడున్నా దాని మెట్లు అవే, సూర్యుడిలోనైనా, నక్షత్రాల్లోనైనా.

"నా శెనక్కాయల్లో ఉండేదే సుక్కల్లోనూ ఉండాదా!" రామక్క నోరు తెరుచుకుని ఉండిపోయింది. ఎన్నో ఏళ్లుగా పాఠంలా అప్పజెప్పిన ఆ మాట నాకూ అప్పుడే ఒళ్లు జలదరించేలా వినిపించింది.

"నన్ను క్షమించు రామక్కా," అన్నాను, పిల్లల ముందే.

ఆమె వేలితో కళ్లు తుడుచుకుంది. తీగను మళ్లీ శుభ్రం చేసి, దాని కొసను అదే వేలితో తాకి మంటలో పెట్టింది. మళ్లీ పసుపు. పిల్లలు గొల్లున నవ్వారు. రామక్క నవ్వలేదు.

"కన్నీళ్లలో గూడానా మేడమ్?" అంది, మంటనే చూస్తూ.

అవునని తలూపాను.