తడి చెత్త అత్తయ్యగారు

బందరులో మా ఎదురింటి అత్తయ్యగారు మొన్న మంగళవారం తెల్లవారుజామున పోయారు. చుట్టరికం ఏమీ లేదు. వీధి మొత్తానికీ ఆవిడ అత్తయ్యగారే. పిల్లలు చాటుగా పెట్టుకున్న పేరు ఇంకొకటుంది: తడి చెత్త అత్తయ్యగారు.

పొద్దున్నే చెత్త బండి రాకముందే గేటు గేటుకీ వచ్చి బకెట్లలోకి తొంగిచూసేవారు. ఒకసారి నేను రొయ్య తలకాయలు ప్లాస్టిక్ కవర్లో ముడివేసి పడేశాను. "ఏమ్మా, మూట గట్టావు, ఎవరింటికి సారె పంపుతున్నావు?" అన్నారు. సిగ్గేసి అక్కడే విప్పాను. "కలపడం క్షణం పనే, విడదీయడమే ఎవరి తరమూ కాదు" అనేది ఆవిడ మాట.

తడి చెత్త, పొడి చెత్త వేరుగా పెట్టడానికి మమ్మల్ని ఒప్పించడానికి ఆవిడకు ఒక్క రోజే పట్టింది. మార్కెట్ వెనక కొత్తగా పెట్టిన గ్యాస్ ప్లాంటుకి ఆడవాళ్లందరినీ ఆటోల్లో తీసుకెళ్లారు. మూసిన ట్యాంకులో తడి చెత్త కుళ్లి గ్యాస్ అవుతుందని చెప్పి, ఆ గ్యాస్ మీదే టీ పెట్టించారు. నీలం మంట. మా వంకాయ ముచ్చికలతో కాగిన టీ అని ఎంత నవ్వుకున్నామో! ఆ తరువాత ప్లాంటు ఎలా ఉందని ఎప్పుడడిగినా "మండుతోందమ్మా, నీలంగా" అనేవారు.

దహనమైన మర్నాడు, మిగిలిన దండల్లోంచి దారాలు లాగి పూలు వేరు చేస్తున్నాను. బండి మీద వచ్చే అమ్మాయి ఉండబట్టలేకపోయింది.

"ఇంకా ఎందుకండీ ఇది? ప్లాంటు మూసేసి ఏళ్లయింది. తడీ పొడీ అంతా ఒకే గుట్టలో పోస్తున్నామండీ. అత్తయ్యగారికి తెలుసు కదా."

"తెలుసా?"

"మొదట్నుంచీ తెలుసండీ. తెరిపిద్దామని ఆఫీసుల చుట్టూ తిరిగారు. నన్ను మాత్రం నోరెత్తొద్దన్నారు. 'ఈలోగా వీళ్లకి అలవాటు తప్పితే మళ్లీ రాదే' అన్నారు."

చేతిలో దండ అక్కడే పడేశాను. ఏడుపు ఆగి ఒళ్లు మండింది. ప్లాంటు మూసినవాళ్ల సంగతి తరువాత. నన్ను నమ్మించింది ఈవిడ. రోజూ సాయంత్రం మా అరుగు మీద కూర్చుని నా చేతి కాఫీ తాగిన మనిషి, నాకైనా చెప్పకూడదా? చెబితే మర్నాడే మానేస్తాననుకున్నారన్నమాట. ఆవిడ మీద నాకున్న నమ్మకం ఆవిడకు నా మీద లేదు. మంచి పని నేర్పినందుకు దణ్ణం పెడతాను, ఈ మాట మాత్రం మింగుడుపడదు.

ఈ రోజు బండి ఈల వినగానే కావాలనే అంతా ఒకే బకెట్లో కుమ్మరించి గేటు దాకా వెళ్లాను. ఎదురింటి గోడ మీద ఆవిడ కడిగి బోర్లించిన ఆకుపచ్చ బకెట్ అలాగే ఉంది. బండి వెళ్లిపోయింది. నేను గేటు దగ్గరే గొంతుక్కూర్చుని, ఆవిడను తిట్టుకుంటూ, అరటి తొక్కల్లోంచి ఒక్కొక్క కవరే ఏరుతున్నాను.