మామగారి గీతలో జానెడు వంకర

మామగారిని అందరూ 'గీతల డ్రైవర్' అంటారు. నలభై ఏళ్లుగా ఆయన ట్రాక్టరు తోలిన చేలో సాళ్లు రూళ్లకర్ర పెట్టి గీసినట్టుంటాయి. ఆ మాట ఎవరూ అనకపోతే ఆయనే అంటారు. ఆయన పనిచేసే యంత్రాల అద్దె షెడ్డులోనే అల్లుడు మెకానిక్కు. కాపురం మామగారింట్లో, భోజనం మామగారి ఎదుట. కనుక తలూపడం అతనికి అలవాటైపోయింది.

ఈమధ్య షెడ్డుకు, ఉపగ్రహాలను బట్టి ట్రాక్టరును తిన్నగా నడిపే చౌకరకం పరికరమొకటి పరీక్షకు వచ్చింది. దాని కచ్చితత్వం కొలిచే అసలు సాధనం కొనాలంటే ట్రాక్టరు అమ్ముకోవాలి.

"ఖర్చు పెట్టకుండా శుక్రవారంలోగా తేల్చు. తప్పు బెత్తెడు దాటకపోతే కొంటాం," అన్నాడు మేనేజరు.

కొలవాలంటే ముందు ఒక తిన్నని గీత కావాలి. అల్లుడికి మామగారు గుర్తొచ్చారు.

"నేనున్నానుగా!" అని మామగారు మీసం దువ్వారు. "నా గీత వంకరని తేలితే మళ్లీ స్టీరింగు ముట్టను. రాసిపెట్టుకో అల్లుడూ."

పరికరం కింద ఇనుప రేకేదైనా ఉంటే సంకేతాలు బాగా అందుతాయట. అల్లుడు వంటింట్లోంచి భార్య పళ్లెం ఎత్తుకొచ్చి ట్రాక్టరు కప్పు మీద బిగించి, స్టీరింగుకు కలపకుండా పరికరాన్ని దానిమీద పెట్టాడు. మామగారు ఇంటి వెనక చేలో విత్తనం వేస్తూ ఒక సాలు తోలారు. ఆ దారిని పరికరం ఫోనులో గీసి చూపించింది. గీత తిన్నగా సాగి, సరిగ్గా నడిమధ్యలో జానెడు పక్కకు జరిగి, మళ్లీ దారికొచ్చింది.

"చూశావా! ఆకాశంలో ఉన్నవాటికి నేల సంగతేం తెలుసు?" అన్నారు మామగారు. అల్లుడికీ ప్రాణం హాయిగా ఉంది. పరికరం పనికిరాదు, ఇంట్లో శాంతి.

సాయంత్రం ఇంకో సాలు తోలించాడు. మర్నాడు పొద్దున్నే మరొకటి. ఉపగ్రహాలు ఒకచోట ఉండవు కదా, తప్పు వాటిదైతే పూటకో చోట రావాలి. ఈ వంకర మాత్రం పట్టా రాయించుకున్నట్టు అక్కడే కూర్చుంది. అంటే వంకర మామగారిదే. మేనేజరుకు నిజం రాసిస్తే మామగారు ట్రాక్టరు దిగిపోతారు. అబద్ధం రాస్తే మంచి పరికరం వెనక్కి పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

గాలి లేని వేళ చూసి, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు నైలాను తాడు లాగి కట్టాడు. తాడుకూ సాలుకూ మధ్య దూరం టేపుతో కొలుచుకుంటూ పోయాడు. పరికరం చెప్పినదానికీ టేపు చెప్పినదానికీ తేడా ఎక్కడా మూడు వేళ్లు దాటలేదు. నడిమధ్యలో నిజంగానే జానెడు వంకర.

మామగారు వంగి చూసి, జేబులోంచి ట్రాక్టరు తాళం తీసి అల్లుడి చేతిలో పెట్టారు. అల్లుడికి ఏడుపొచ్చినంత పనైంది.

"తాడు వంకరేమో మామయ్యా."

"లాగి కట్టిన తాడుకి వంకరేంటి? అబద్ధం కూడా తిన్నగా ఆడలేవు."

అప్పుడే భార్య పళ్లెం కోసం వచ్చింది. సంగతి విని, "ఇక్కడేనా? ఇక్కడికి రాగానే నాన్న వంటింటి కిటికీకేసి చూస్తాడుగా! టీ అయితే నేను గుడ్డ ఊపుతా. నా చిన్నప్పుడు అమ్మ ఊపేది," అంది.

మామగారు గట్టు వైపు తిరిగి గట్టిగా దగ్గారు.

అల్లుడు అక్కడే కూర్చుని రాశాడు: "పరికరం తప్పు మూడు వేళ్లు. డ్రైవరు తప్పు జానెడు, కిటికీ దగ్గర మాత్రమే."

శుక్రవారం షెడ్డు వాళ్లు పరికరం కొన్నారు. మామగారు మాత్రం, "మాటంటే మాటే," అని ట్రాక్టరు ఎక్కనన్నారు.

"స్టీరింగు ముట్టనని కదా అన్నారు! ఇక దాన్ని పరికరమే తిప్పుతుంది. మీరు ఊరికే కూర్చోండి మామయ్యా," అన్నాడు అల్లుడు తాళం అందిస్తూ.

"చివర మలుపు ఎవడు తిప్పుతాడు?"

"మలుపులో గీత ఉండదుగా."

మామగారు తాళం అందుకున్నారు. చేతులు కట్టుకుని, ఈ చివర నుంచి ఆ చివర దాకా కిటికీకేసే చూస్తూ కూర్చున్నారు. సాలు తిన్నగా వచ్చింది.