కాకి లేని ఊళ్ళో పిండం

మా నాయనమ్మ పోయాక ఆమె మీద మావాళ్ళకి ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. పోయినవాళ్ళందరూ మంచివాళ్ళే కదా! బతికున్నన్నాళ్ళూ ఆమెని గుర్రాల పిచ్చిది అని నవ్వినవి కూడా ఆ నోళ్ళే.

ఆ మాటలో మాత్రం అబద్ధం లేదు. మా తాతలు కూలికి వలస వచ్చిన ఈ దీవిలో, మాంటాన్ బ్లాంష్ అనే ఊరి పక్కన చెరుకు ఎస్టేట్‌లో దొరగారి గుర్రాలకి గడ్డి కోసి వెయ్యడం ఆమె పని. మిగతా ఆడవాళ్ళు మోపు దించి ఇంటిదారి పట్టేవారు. ఈమె ఒక్కో గుర్రం మెడా నిమిరి, దానితో కష్టసుఖాలు చెప్పుకుంటేగాని కదిలేది కాదు. కోడళ్ళతో అన్ని మాటలు ఆడి ఎరగదు.

ఒకసారి బండి లాగే ఆడగుర్రానికి కాలు బెణికింది. ఇక పనికిరాదు, కాల్చి పారెయ్యమన్నాడు దొర. నాయనమ్మ కాళ్ళావేళ్ళా పడి దాన్ని ఇంటికి తెచ్చుకుంది. ఆముదంలో పసుపు కాచి పట్టీలు వేసి నడిపించింది. ఆ తర్వాత ఈగల రోగం వచ్చి ఎస్టేట్‌లో గుర్రాలన్నీ కూలిపోతే, మా పెరట్లో పిడకల పొగ మధ్య ఇదొక్కటీ మిగిలింది. అప్పుడు దొరగారికి ఇది తన గుర్రమని జ్ఞాపకం వచ్చింది! ఆయనకి జ్ఞాపకం వచ్చిన సంగతి అందరికంటే ముందు పసిగట్టినవాడు మా పెదనాన్న. ఆయనకి సర్దారీ కావాలి. చెరుకుతోటలో కూలీల మీద కర్ర తిప్పాలి. గుర్రాన్ని అప్పగిస్తే ఆ కర్ర చేతికొస్తుంది.

"నాను సచ్చినా సరే, నా గుర్రాన్ని ఆ దొరకి ఇవ్వకండర్రా," అంటూనే కన్నుమూసింది నాయనమ్మ. అందరం విన్నాం. పెదనాన్న తలాపునే కూర్చుని విన్నాడు.

పదోరోజు కర్మకి గిన్నెలు మోసే బండికి ఆ గుర్రాన్నే కట్టారు. ఏటి ఒడ్డున విప్పి గడ్డికి వదిలారు. పంతులుగారు ఆకులో పిండం పెట్టి కాకిని పిలవమన్నారు. మా ఊళ్ళో కాకెక్కడిది? మా తాతలు ఓడెక్కినప్పుడు ఆచారాలన్నీ మూటగట్టుకొచ్చారుగాని కాకిని తేలేదు. అందుకని మేము ఇక్కడ మార్తెన్ అని పిలుచుకునే గోరువంకనే కాకి కింద జమకట్టుకున్నాం. ఆ రోజు గోరువంకలు కొమ్మల మీద కూర్చుని చూశాయిగాని ఒక్కటీ దిగలేదు.

పోయినవాళ్ళకి కోరిక మిగిలిపోతే పక్షి పిండం ముట్టదంటారు. పెదనాన్న మొక్కులు మొదలుపెట్టాడు.

"అమ్మా, నీ పేరున రామభజన పెట్టిస్తానే!"

దిగలేదు.

"నీ మనవరాలికి మంచి సంబంధం సూస్తానే!"

ఆ మనవరాలిని నేనే. నా పెళ్ళి గురించి ఆమె ఏనాడూ బెంగపడింది లేదు. గోరువంకలకి కూడా ఆ సంగతి తెలిసినట్టే ఉంది.

చివరికి మా మేనత్త ఉండబట్టలేకపోయింది. "గుర్రాన్ని ఇవ్వనని సెప్పన్నా. ఆ ఒక్క మాటా సెప్పు," అంది. సరిగ్గా అప్పుడే పెదనాన్నకి దగ్గు తెర వచ్చింది.

ఈలోగా గడ్డి మేస్తున్న గుర్రం తీరిగ్గా నడిచొచ్చి, పిండం మొత్తం తినేసి, ఆకు కూడా నమిలింది. పెదనాన్న కర్ర ఎత్తాడు. పొద్దుటినుంచి పస్తున్న పంతులుగారు అడ్డుపడ్డారు.

"ఆగు బాబూ. ముట్టవలసినవారే ముట్టారు. ఇక స్నానాలు కానివ్వండి."

అంతే, పెదనాన్న కర్ర పారేసి గుర్రం ముందు సాగిలపడ్డాడు. "నువ్వే వొచ్చి తిన్నావా అమ్మా!" అని బావురుమన్నాడు. అందరూ కళ్ళు తుడుచుకున్నారు. ఆయన ఏడుపు దొంగ ఏడుపు కాదు. నాకు ఒళ్ళు మండేది అందుకే.

మర్నాడు పొద్దున్నే అదే గుర్రాన్ని తాడు పట్టి దొరగారింటికి తోలుకెళ్ళాడు. మధ్యాహ్నానికి సర్దారై తిరిగొచ్చాడు. మేనత్త గుమ్మంలో నిలబడి ఉంది.

"నిన్న పిండం తిన్నది అమ్మేనంటివి గదా అన్నా. మరి ఇయ్యాల దొర సాలలో కట్టీసి వొచ్చింది ఎవుర్ని?"

పెదనాన్న కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళడిగాడు.