కోరుట్ల బస్సులో కనకయ్య మామ

కనకయ్య మామ మాట్లాడాలంటే ఎదుటివాడి ముక్కు పట్టుకోవాల్సిందే. మనం నమస్తే పెట్టేలోపే ఆయన రెండు వేళ్లూ మన ముక్కు మెత్తని భాగం మీద వాలిపోతాయి. "తల ముందుకు వంచు, ఎనుకకు కాదు. నోటితోని గాలి తీస్కో. పది నిమిషాలు ఇడువద్దు." ఆ పది నిమిషాలూ ఆయన నిజంగానే వదలడు. చందుర్తిలో మా వాడకట్టులో సగం ముక్కులు పండు మిరపకాయల్లా ఉండడానికి ఎండ కారణం కాదు.

ఈ విద్య మనవరాలు సరిత కోసం నేర్చాడు. ఆ పిల్లకు పుట్టుకతోనే ప్లేట్‌లెట్ల జబ్బు, అందులోనూ అరుదైన రకం. ముక్కులోంచి రక్తం మొదలైతే ఒక పట్టాన ఆగదు. సిరిసిల్లలో ముప్పై ఏళ్లు మరమగ్గం నడిపిన మామ డాక్టరు చెప్పిందంతా మగ్గం భాషలోకి తిప్పుకున్నాడు. పక్కింటి మల్లవ్వ బొప్పాయి ఆకు రసం తెస్తే వాకిట్లోనే ఆపేశాడు.

"అది కౌంట్ పడిపోయినోళ్లకు అంటరు మల్లవ్వా. మా పిల్లకు కౌంట్ సరిపోను ఉన్నది. పోగు తెగింది, అతికేటందుకు యాభై మంది ఉరికచ్చిండ్రు అనుకో. కని ఒకని చెయ్యి ఒకడు పట్టుకోడు. పోగు ఎట్ల అతుకుతది?"

"గట్లనా. మరి గీ రసం?"

"నువ్వే తాగు. ముందుగాల ముక్కు ఇటియ్యి."

నిరుడు సరితకు కోరుట్ల కాలేజీలో సీటొచ్చింది. రోజూ బస్సు ప్రయాణం. ఇంట్లో పేచీ మొదలైంది.

"బస్సుల దీని సంగతి తెలిసిన మనిషి లేంది పంప" అంది తల్లి శోభ.

"తెలిసినోళ్లుంటే నేనే పోను. అందరు నన్ను గాజు గ్లాసును సూసినట్టు సూస్తరు" అంది సరిత. ఇద్దరూ మొండిఘటాలే. అది ఎవరి పోలికో నేను చెప్పను.

మామకు మర్నాటి నుంచి పొద్దున్నే కోరుట్ల బస్సెక్కడం, అదే బస్సులో తిరిగి రావడం. నెల రోజులు అదే పని. ఆ తర్వాత కూతురితో "ఇగ పంపు బిడ్డా, నేను సూసుకున్న" అన్నాడు.

"ఏం సూసుకున్నవు బాపూ?" అంటే జవాబుగా ఆమె ముక్కు పట్టుకున్నాడు. శోభ విడిపించుకోలేక ఒప్పుకుంది.

రెండో వారంలోనే బస్సులో సరిత ముక్కులోంచి రక్తం మొదలైంది. కండక్టర్ ప్రేమలత టికెట్లు ఆపి పరుగున వచ్చి ముక్కు నొక్కి పట్టింది. "తల ముందుకు" అని వెనక సీట్లోంచి ముగ్గురు ఒకేసారి అన్నారు. ఒకాయన గడియారం చూడసాగాడు. రక్తం ఇంకా ఎక్కువవుతుంది, నొప్పి గోళీలు మాత్రం ఇవ్వొద్దని ఇంకొకావిడ గట్టిగా చెప్పింది. డ్రైవర్ బస్సును నేరుగా దవాఖాన ముందు ఆపాడు. అక్కడ మందు పడ్డాక రక్తం పూర్తిగా ఆగింది.

సాయంత్రం సరిత నవ్వుకుంటూ ఇంటికొచ్చి, ప్రేమలత తనకు చెప్పిన ధైర్యం మాకు వినిపించింది.

"రంది పడకు బిడ్డా. చందుర్తిల ఓ ముసలాయన ఉన్నడు. ఆయనకు గీ రక్తం ఆగని రోగం మస్తు ముదిరిందట, పాపం. నెల రోజులు మా బస్సులనే తిరిగిండు, అందరికి నేర్పిండు. ఈ నడుమ కనవడుతలేడు. ఉన్నడో లేడో."

శోభ తండ్రి వైపు తిరిగింది. "రోగం నీకే ఉన్నదని చెప్పుకున్నవా బాపూ?"

"పిల్లకని చెప్తే పిల్లనే సూస్తరు. ముసలోన్ని ఎవడు సూస్తడు?"

నా ముక్కు మీద ఇన్నాళ్లు జరిగిన దౌర్జన్యమంతా అక్కడే మాఫీ చేశాను.

మర్నాడు శోభ సరితకు టిఫిన్ డబ్బా కట్టి, రెండో డబ్బా తండ్రి చేతిలో పెట్టింది.

"పిల్లకు దూరంగ కూసో. బతికే ఉన్నవని బస్సోళ్లకు ఓసారి చెప్పిరా."